నీలగిరి నుంచి నీలగిరికి: కొండ మీది గోల్ఫ్ కోర్సులో మొదటిసారి ఆడబోయే మిత్రుడికి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీరు మిర్యాలగూడలో ఉంటారు. ఏడాదిగా హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా గోల్ఫ్ ప్రాక్టీసు రేంజ్‌లో రబ్బరు చాప మీద బంతులు కొట్టి నేర్చుకున్నారు. చదునైన కోర్సులో నాలుగైదు సార్లు ఆడారు. సంక్రాంతి వెళ్ళాక నలుగురు మిత్రులు కలిసి ఊటీ జింఖానా కోర్సులో రెండు రోజులు ఆడాలనుకుంటున్నారు. 7వ నంబరు ఐరన్‌తో (ఇనుప తల ఉన్న క్లబ్బు, అంటే బంతి కొట్టే కర్ర; నంబరు తగ్గేకొద్దీ దూరం పెరుగుతుంది) 140 గజాలు కొడతారు. కొండ మీద ఆ లెక్క నిలుస్తుందా, వాలు మీద ఎలా నిలబడాలి, వెంట ఏమి తీసుకెళ్ళాలి అన్నవి మీ ప్రశ్నలు. కుడి మోకాలు కొంచెం నొప్పిగా ఉంటుందని చివర్లో ఏదో చిన్న సంగతిలా రాశారు. అది చిన్న సంగతి కాదు, దాని దగ్గరికీ వస్తాను.

నేను నల్లగొండలో ఉంటాను. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. మొదటి పదేళ్ళూ కాలువల వెంట ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ పరికరం మోయించుకుంటూ తిరిగినవాణ్ణి. గోల్ఫ్ నలభై దాటాక పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. గొప్ప ఆటగాణ్ణి కాను. చదును నేల మీద 90ల్లో, కొండ మీద 100 దాటి స్ట్రోకులు (బంతిని కొట్టిన దెబ్బలు, ఎంత తక్కువైతే అంత మంచిది) ఆడే రకం. కాకపోతే ఊటీలో ఐదుసార్లు, కొడైకెనాల్‌లో రెండుసార్లు, సిమ్లా దగ్గరి నాల్దెహ్రాలో ఒకసారి ఆడి, ప్రతిచోటా ఒకే తప్పు చేసి, చివరికి అదేమిటో తెలుసుకున్నాను.

ఆ తప్పు స్వింగ్‌లో, అంటే క్లబ్బు ఊపే తీరులో, లేదు, కంట్లో ఉంది. కొండ మీద కన్ను చెప్పేది నమ్మకండి, అరికాలు చెప్పేది నమ్మండి. ఇక ముందు చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పై అధికారి నన్ను సాగర్ ఎడమ కాలువ గట్టుకు కొంచెం దూరంగా, నీళ్ళు కనబడని చోట నిలబెట్టి, కాలువ ఎటు పారుతోందో చెప్పమన్నారు. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క మెట్లు మెట్లుగా దిగిపోతున్న మడులు. నేను ధైర్యంగా చెయ్యి చాపి చూపించాను. గట్టెక్కి చూస్తే నీళ్ళు సరిగ్గా దానికి ఎదురు దిక్కున పోతున్నాయి. అంత పెద్ద కాలువల అడుగు వాలు 10,000 అడుగుల పొడవుకు ఒక అడుగు, ఆ మాదిరిగా ఉంటుంది. అంత సన్నని వాలును కన్ను పట్టలేదు. పక్కనున్న గుట్టనే కొలబద్దగా పెట్టుకుని, పల్లాన్ని ఎత్తుగానూ ఎత్తును చదునుగానూ చూపిస్తుంది. ఆయన నవ్వి, "అందుకే నాయనా ఈ పరికరం" అన్నారు. మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసినవారికి ఇది తెలిసిన అనుభవమే. గర్భగుడి గోడ మీద పొద్దంతా కదలకుండా స్తంభం నీడ నిలుస్తుంది. ఇదిగో ఈ స్తంభానిదే అని చూపించబోతే వేలు స్తంభాల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

ఊటీ కోర్సు నిండా ఇలాంటి మాయలే. ఊరి ఎత్తే సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్లు. 18 హోల్స్ కోర్సు (హోల్ అంటే బంతిని చివరికి వేయాల్సిన గుంట, అక్కడిదాకా ఉండే దారి కూడా) వెన్లాక్ డౌన్స్ అనే గడ్డి కొండల మీద పరుచుకుని ఉంది. 1890లలో మద్రాసు గవర్నరుగా ఉన్న లార్డ్ వెన్లాక్ పేరు అది. పెద్ద శిఖరాలు, లోయలు ఊహించుకోకండి. దుప్పటి దులిపి వదిలేస్తే ఎలా మడతలు పడుతుందో నేల అలా ఉంటుంది. టీ (ప్రతి హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద తప్ప రెండు పాదాలూ ఒకే మట్టాన నిలిచే చోటు అరుదు. అన్నట్టు, మన నల్లగొండకు పాతపేరు నీలగిరి అంటారు కదా. మొదటిసారి బయలుదేరినప్పుడు నీలగిరి నుంచి నీలగిరికే పోతున్నానని ఇంట్లో హాస్యమాడాను. ఆ రోజు సాయంత్రానికి హాస్యం మిగల్లేదు.

ఏమయిందంటే, ఒక హోల్‌లో గ్రీన్ (గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) నాకంటే 45 అడుగులు కిందికి ఉంది. మధ్యలో ఒక పల్లం. దూరం 150 గజాలని క్యాడీ (క్లబ్బుల సంచి మోస్తూ సలహా ఇచ్చే మనిషి) చెప్పాడు. పల్లానికి అవతల గుంటలో పాతిన జెండా చిన్నగా కనిపిస్తుంటే కన్ను "చాలా దూరం" అంది. 6వ నంబరు ఐరన్ తీశాను. క్యాడీ యాభై ఏళ్ళ మనిషి, తల అడ్డంగా ఊపి "వేండాం సార్" (వద్దు సార్) అని 8వ నంబరు నా చేతిలో పెట్టబోయాడు. నేను వినలేదు. జీవితంలో అంత శుభ్రంగా తగిలిన షాట్లు నాకు పదో పన్నెండో ఉంటాయి, అది వాటిలో ఒకటి. బంతి జెండా మీదుగా, గ్రీన్ మీదుగా, దాని వెనకున్న ముళ్ళపొదల మీదుగా వెళ్ళి కనిపించకుండా పోయింది. క్యాడీ ఏమీ అనలేదు. 8వ నంబరును మెల్లగా సంచిలో పెట్టేశాడు.

ఆ రాత్రి గదిలో కూర్చుని లెక్కవేశాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ లెక్కలోనే ఉంది.

గ్రీన్ ఎంత కిందికి ఉంటే, గజానికి గజం చొప్పున దూరం తగ్గించుకోవాలి. 45 అడుగులంటే 15 గజాలు. 150 కాస్తా 135 అయింది. పైకి ఉంటే అదే లెక్కన కలుపుకోవాలి. ఇది మోటు లెక్కే, కానీ మనలాంటివారికి చాలు. 30 అడుగుల ఎత్తుపల్లం అంటే ఒక క్లబ్బు (ఒక నంబరు) తేడా అని గుర్తుపెట్టుకోండి.

దీని మీద గాలి సంగతి ఒకటి ఉంది. ఆ ఎత్తున గాలి పలచన కాబట్టి బంతికి అడ్డు తక్కువ. మన జిల్లాలో 140 గజాలు పోయే షాటు అక్కడ మధ్యాహ్నపు ఎండలో 148, 150 దాకా పోవచ్చు. అయితే జనవరి ఉదయం ఏడింటికి చలి నాలుగైదు డిగ్రీల్లో ఉంటుంది. చల్లని గాలి చిక్కన, చల్లబడ్డ బంతి మొద్దు, మీద మూడు పొరల బట్టలతో మీ భుజాలు కూడా మొద్దే. మొదటి అయిదారు హోల్స్‌లో ఎత్తు వల్ల వచ్చే లాభం చాలావరకు ఆ చలి తినేస్తుంది. పది, పదకొండు గంటలకు ఎండెక్కి స్వెట్టర్ విప్పాక ఉన్నట్టుండి బంతులు గ్రీన్ దాటిపోవడం మొదలవుతుంది. చాలామంది ఒళ్ళు వేడెక్కింది, ఆట కుదిరిందని మురిసిపోతారు. స్వెట్టర్ విప్పిన హోల్ నుంచి ప్రతి 100 గజాలకూ 5 గజాలు తగ్గించి లెక్కవేయండి, సరిపోతుంది. బంతుల్ని రాత్రి కారు డిక్కీలో వదిలేయకుండా గదిలో ఉంచుకోండి. నిప్పు దగ్గర పెట్టి వేడిచేయాలనే ఆలోచన మాత్రం వద్దు, అలా వేడిచేసిన బంతితో ఆడటం నిబంధనలకు విరుద్ధం.

దూరం కొలిచే లేజరు యంత్రం మీ మిత్రుల్లో ఎవరి దగ్గరైనా ఉంటే తెమ్మనండి. కొన్ని యంత్రాలు ఎత్తుపల్లాల లెక్క కూడా కట్టి చెబుతాయి. పోటీల్లో ఆ సదుపాయం ఆపేయాలి. మీలో మీరు సరదాగా ఆడేటప్పుడు వాడుకుంటే ఎవరి సొమ్మూ పోదు.

ఇక నిలబడటం. మీరు వరి ప్రాంతంవారు కాబట్టి పొలం భాషలో చెబితే తొందరగా తెలుస్తుంది. మీరు కుడిచేతివాటం అనుకుని చెబుతున్నాను.

మడిలో నిలబడి గట్టు మీదున్న బంతిని కొడుతున్నట్టు, అంటే బంతి పాదాల కంటే ఎత్తులో ఉన్నప్పుడు, బరువు మడమల మీదికి జారుతుంది. దాన్ని ముందుకు తెచ్చుకోండి. క్లబ్బును ఒకటి రెండు అంగుళాలు కిందికి పట్టుకోండి, ఎందుకంటే బంతి మీకు దగ్గరైంది. స్వింగ్ అడ్డంగా తిరుగుతుంది కాబట్టి బంతి ఎడమకు పోతుంది. జెండాకు కుడిగా గురిపెట్టండి. ఇది అన్నింటిలో సులువు.

గట్టు మీద నిలబడి మడిలోని బంతిని కొడుతున్నట్టు అయితే అంతా తలకిందులు. బరువు వేళ్ళ మీదికి పోతుంది, బంతి కుడికి పోతుంది. మోకాళ్ళు మామూలు కంటే ఎక్కువ వంచి, వంచినవి షాటు పూర్తయ్యేదాకా అలాగే ఉంచాలి. మధ్యలో లేచామా, క్లబ్బు బంతి పైభాగానికి తగిలి, బంతి పది గజాలు దొర్లుతుంది. నిండు స్వింగ్ వద్దు, ముప్పావు చాలు. మీ మోకాలికి కష్టమైన భంగిమ ఇదే. నొప్పి అనిపిస్తే గొప్పలకు పోకుండా చిన్న షాటుతో చదును చోటికి పంపేయండి.

ఎదురు వాలులో, అంటే కొండెక్కుతున్నట్టు నిలబడినప్పుడు, భుజాల గీత నేల గీతకు సమానంగా ఉండాలి. బంతి ఎత్తుగా లేచి తక్కువ దూరం పోతుంది. ఒక క్లబ్బు పెద్దది, అంటే ఒక నంబరు తక్కువది, తీసుకోండి. కొంచెం ఎడమకు లాగుతుందని గుర్తుంచుకోండి. అంతే.

దిగుడు వాలు దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. మొదటిసారి వెళ్ళినవారి స్కోరుకు పెద్ద గండి ఇక్కడే పడుతుంది, నాది కూడా ఇక్కడే పడింది. ఎడమకాలు కిందికి, కుడికాలు పైకి ఉంటాయి. దిగుడు చూసి పడిపోతామని ఒళ్ళు తనంతట తాను వెనక్కి వాలుతుంది. మెట్లు దిగేటప్పుడు ఎవరైనా అంతే, అది శరీరం నేర్చుకున్న జాగ్రత్త. వెనక్కి వాలి కొడితే క్లబ్బు ముందుగా బంతి వెనక నేలకు తగులుతుంది, లేదా నేలను తప్పించుకుని బంతి నడుముకు తగులుతుంది. మొదటిది అయిదు గజాలు, రెండోది గ్రీన్‌కు అవతల యాభై గజాలు. నేను రెండూ వరసగా ఒకే హోల్‌లో చేశాను. మందు ఒకటే. భయపడినా సరే బరువును కింది పాదం మీదే వదిలేయాలి. భుజాలను వాలుకు సమానంగా వంచాలి. బంతి పై పాదానికి కొంచెం దగ్గరగా ఉండాలి. బంతి తగిలాక కూడా క్లబ్బు నేలను రాసుకుంటూ వాలు వెంట కిందికే పోవాలి. కొట్టాక తూలి ఒక అడుగు ముందుకు పడితే సిగ్గుపడకండి, సరిగ్గా కొట్టినట్టే. వాలు వల్ల క్లబ్బు ముఖం నిలువుగా అయి బంతి తక్కువ ఎత్తులో పోయి ఎక్కువ దొర్లుతుంది. 7వ నంబరు ఐరన్ 6వ నంబరులా పనిచేస్తుంది. అందుకే 8 తీసుకోండి. దూరం కొట్టే పొడవాటి చెక్క క్లబ్బుల (వుడ్స్ అంటారు) జోలికి అసలు పోవద్దు.

ఇదంతా చదివితే వచ్చేది కాదు. ఇంకా నెలన్నర టైము ఉందన్నారు కాబట్టి ఒక పని చెబుతాను. రేంజ్‌లోని చాప చదునుగా ఉంటుంది, అది మీకు ఈ విషయంలో పనికిరాదు. మీ ఊరి పక్కనే ఎడమ కాలువ ఉంది. గట్టుకు నీళ్ళవైపు కాకుండా పొలాలవైపు ఉన్న వాలు మీద, పొద్దు బాగా వచ్చాక (చీకట్లో వద్దు, పాములుంటాయి) ఒక్క ఐరన్ పట్టుకుని వెళ్ళండి. బంతి తీసుకెళ్ళకండి, గట్టు మీద మనుషులు నడుస్తుంటారు. ఒక ఎండు గడ్డిపోచను గుర్తుగా పెట్టుకుని నాలుగు రకాలుగా నిలబడి, ఒక్కో రకానికి పదిసార్లు స్వింగ్ చేయండి. క్లబ్బు నేలను ఎక్కడ రాస్తోందో చూడండి. బంతిని అక్కడ ఉంచాలి, మీరు అనుకున్న చోట కాదు. తరవాత నాలుగింటినీ కళ్ళు మూసుకుని నిలబడి చూడండి. ఏ పాదానికి ఎంత బరువు పడుతోందో, మడమ మీదో వేళ్ళ మీదో, కళ్ళు మూస్తేనే స్పష్టంగా తెలుస్తుంది. నేను పానగల్లు ఉదయసముద్రం కట్ట కింద మూడు వారాలు ఇలా చేశాను. దారినపోయే గొర్రెల కాపరి ఒకాయన రోజూ నిలబడి చూసి, చివరికి ఒకరోజు "సారూ, మీది ఏమన్నా పోయిందా?" అని అడిగారు.

ఆ మూడు వారాల తరవాత ఊటీలో నా స్కోరు తొమ్మిది స్ట్రోకులు తగ్గింది. స్వింగ్ ఏమీ మారలేదు.

ఇంకో చిన్న కిటుకు. టీ దగ్గర రెండు గుర్తుల మధ్య ఆ గీత మీదే బంతి పెట్టాలని చాలామంది అనుకుంటారు. గీత నుంచి వెనక్కి రెండు క్లబ్బుల పొడవు దాకా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కొండ కోర్సుల్లో కొన్ని టీలు కూడా ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. ఆ చిన్న చోటులో పాదాలతో తడుముతూ తిరిగి చదునైన చోటు వెతుక్కోండి. రెండో షాటు విషయంలో కూడా ఇదే బుద్ధి. గ్రీన్‌కు 90 గజాల్లో వాలు మీద ఉండటం కంటే 120 గజాల్లో చదును మీద ఉండటం మేలు. డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు) తీసి బాదాలనే సరదాను రోజుకు మూడు హోల్స్‌కు పరిమితం చేసుకోండి.

గ్రీన్ మీద ఏమి చేయాలి? కాలువ కథ ఇక్కడే పనికొస్తుంది. బంతి దగ్గరికి వచ్చి కూర్చుని, ఒక కన్ను మూసి చూస్తే ఏమీ తేలదు, వెనకున్న కొండ మిమ్మల్ని మోసం చేసేసి ఉంటుంది. గ్రీన్‌కు ఇంకా ముప్పై గజాల దూరంలో ఉండగానే, కింది నుంచి ఎక్కి వస్తున్నప్పుడే, ఒక ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు కుండపోత వాన పడితే ఈ గ్రీన్ మీద నీళ్ళు ఎటు దిగిపోతాయి? గ్రీన్ కట్టినవాడికి కూడా అదే బెంగ, నీళ్ళు నిలవకూడదని. ఆ దిక్కు తెలిస్తే బంతి కూడా దాదాపు అటే మొగ్గుతుంది. తరవాత బంతికీ హోల్‌కూ మధ్య, గీతను తొక్కకుండా పక్కనుంచి, మెల్లగా నడవండి. ఎత్తో పల్లమో అరికాలు చెబుతుంది. కన్ను ఎడమ అని, అరికాలు కుడి అని చెబితే అరికాలి మాట వినండి. నేను పదిసార్లు పందెం కాసి చూశాను, ఎనిమిదిసార్లు అరికాలే గెలిచింది. హోల్ వెడల్పు ఎక్కడైనా 108 మిల్లీమీటర్లే. దానికి పై నుంచి దిగుతూ వచ్చే బంతికి మాత్రం అది సగమైనట్టు అనిపిస్తుంది. అందుకే గ్రీన్ మీదికి కొట్టే షాటు ఎప్పుడూ హోల్‌కు కిందివైపు ఆగేలా చూసుకోండి.

ముళ్ళపొదల గురించి. పసుపు పూలతో చూడటానికి ముచ్చటగా ఉండే గోర్స్ పొదలు ఆ కోర్సు నిండా ఉంటాయి. బ్రిటిషువారు తెచ్చి నాటిన ఐరోపా మొక్క అది. మన సర్కారు తుమ్మలాగే పరాయి దేశం నుంచి వచ్చి ఇంటిదై కూర్చుంది, ముళ్ళు కూడా దానికి తీసిపోవు. చెయ్యి పెట్టకండి. బంతి వెతకడానికి నిబంధన ఇచ్చేది 3 నిమిషాలే. 2019కి ముందు 5 ఉండేవి. పొదవైపు పోయిందని అనుమానం రాగానే, వెతకడానికి బయలుదేరకముందే, "ప్రొవిజనల్" (మొదటిది దొరక్కపోతే ఇదే లెక్క) అని పైకి చెప్పి ఇంకో బంతి కొట్టేయండి. వెనక్కి కొండెక్కి మళ్ళీ టీ దగ్గరికి వచ్చే ఓపిక ఎవరికీ ఉండదు. బంతి కనిపించినా ఆడలేని చోట ఉంటే ఒక స్ట్రోకు జరిమానాతో మూడు దారులున్నాయి. ముందటి చోటికే వెళ్ళి కొట్టవచ్చు. బంతినీ జెండానూ కలిపే గీత మీద వెనక్కి ఎంత దూరమైనా పోవచ్చు. లేదా జెండాకు దగ్గర కాకుండా రెండు క్లబ్బుల పొడవులోపు బంతిని వదలవచ్చు. కొండ మీద రెండో దారి చాలాసార్లు నయం, ఎందుకంటే ఆ గీత మీద వెనక్కి పోతూ చదును చోటు వెతుక్కోవచ్చు.

బంతి వదలడంలో కొండకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. మోకాలి ఎత్తు నుంచి వదిలితే అది వాలు మీద దొర్లి హద్దు దాటిపోతుంది. మళ్ళీ వదలాలి. రెండోసారీ దొర్లిపోతే, ఆ రెండోసారి నేలకు మొదట తగిలిన చోటే చేత్తో పెట్టి ఆడాలి. ఇది తెలియక నలుగురూ కలిసి పది నిమిషాలు బంతిని వదులుతూ పట్టుకుంటూ ఉండటం నా కళ్ళారా చూశాను. వెనక గుంపు కింద నిలబడి మర్యాదగా దగ్గుతోంది.

నీలగిరుల్లో అడవి దున్నలు ఊళ్ళ అంచులదాకా వస్తాయి. కనబడితే ఆట ఆపి దూరంగా నిలబడండి, ఫొటో కోసం ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి. దున్నో కోతో కుక్కో ఆగి ఉన్న మీ బంతిని కదిపిందని తెలిస్తే జరిమానా లేదు, ముందు ఉన్న చోటే తిరిగి పెట్టాలి.

ఇప్పుడు మీ మోకాలు. కొండెక్కడం ఆయాసం, దిగడం మోకాలికి దెబ్బ. 18 హోల్స్ అంటే ఎగుడుదిగుడుల మీద నాలుగు గంటలకు పైగా నడక. దిగేటప్పుడు నిటారుగా దిగకుండా, ఎద్దులబండి ఘాటు దిగినట్టు అడ్డంగా అటూ ఇటూ తిరుగుతూ దిగండి. మొదటి రోజు 9 హోల్స్‌తో ఆపండి. మీ మిత్రులు ఏమన్నా సరే ఆపండి. ఆ ఎత్తుకు అలవాటు లేని ఊపిరితిత్తులకు కూడా ఒక రోజు విరామం మంచిదే, కొందరికి మొదటి సాయంత్రం తలనొప్పి వస్తుంది. వెళ్ళేలోగా వారానికి రెండుసార్లు ఏదైనా గుట్ట ఎక్కి దిగండి. నేను మా లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కుతాను. దిగేటప్పుడు నొప్పి పెరుగుతుంటే వైద్యుడికి చూపించుకున్నాకే టికెట్ కొనండి.

క్లబ్బులు 14 వరకు ఉండవచ్చన్నది గరిష్ఠం మాత్రమే, అన్నీ మోయాలని ఎక్కడా లేదు. 5వ నంబరు చెక్క క్లబ్బు, 5, 7, 8, 9 ఐరన్లు, దగ్గరి షాట్లకు ఒక పిచింగ్ వెడ్జ్, ఇసుక గుంటలకు ఒక శాండ్ వెడ్జ్, గ్రీన్ మీద బంతిని దొర్లించడానికి పటర్. ఎనిమిది చాలు. డ్రైవర్ లేకపోతే మీ మిత్రులు నవ్వితే సరదాకు అది కూడా వేసుకోండి. మెత్తని పళ్ళున్న బూట్లు తప్పనిసరి, పొద్దుటి తడి గడ్డి మీద నున్నని అడుగులు జారతాయి. కాలరు చొక్కా, మామూలు ప్యాంటు, జీన్స్ వద్దు. బంతులు పాతవి ఒక డజను తీసుకెళ్ళండి, కొత్తవి పొదలకు దానం చేయడం ఎందుకు? పలచని స్వెట్టర్లు రెండు, మందంది ఒకటి కన్నా మేలు. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం, స్టీలు సీసా పట్టుకెళ్ళండి.

జనవరిలో కొన్ని ఉదయాలు గడ్డి మీద మంచు గట్టిపడి తెల్లగా ఉంటుంది. అది కరిగేదాకా గ్రీన్ మీద అడుగు పెట్టకూడదు. గడ్డకట్టిన గడ్డిపోచ తొక్కితే విరుగుతుంది, ఆ పాదముద్రలు రోజుల తరబడి నల్లగా కనబడుతూ ఉంటాయి. ఆట ఆలస్యమవుతుందని విసుక్కోకుండా ఒక టీ తాగండి. బయటివారికి ఏ రోజు ఏ గంటకు చోటిస్తారో, రుసుము ఎంతో బయలుదేరే ముందే క్లబ్‌కు ఫోను చేసి కనుక్కోండి. ఊటక్కమండ్ క్లబ్ అని వేరే ఒకటుంది, స్నూకర్ నిబంధనలతో పేరుపొందింది. ఊటీలో టాక్సీ డ్రైవరు అక్కడికి తీసుకెళ్ళకుండా "జింఖానా, గోల్ఫ్ కోర్సు" అని రెండూ చెప్పండి. క్యాడీని తప్పకుండా పెట్టుకోండి. డబ్బు సంగతి ముందే మాట్లాడుకోండి, మొదటి తొమ్మిది హోల్స్ ఆయన ఏ క్లబ్బు ఇస్తే అదే కొట్టండి.

ప్రయాణానికి మీకు శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది. మిర్యాలగూడలోనే ఎక్కితే మర్నాడు ఉదయం కోయంబత్తూరులో దిగుతారు. అక్కడి నుంచి మేట్టుపాళయం మీదుగా ఊటీ సుమారు 85 కిలోమీటర్లు, కారు మాట్లాడుకోండి. మేట్టుపాళయం నుంచి కొండ రైలు ఉదయం ఏడు దాటగానే వెళ్ళిపోతుంది, మీకు అందదు. అందినా ఆ చిన్న పెట్టెల్లో గోల్ఫ్ సంచులకు చోటుండదు. తిరిగి వచ్చేటప్పుడు సంచుల్ని కారులో పంపి, కూనూరు దాకా రైల్లో దిగి చూడండి, 1908 నుంచి నడుస్తున్న దారి అది. సొంత కారులో బెంగళూరు, మైసూరు మీదుగా పోదామనుకుంటే బండీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, అది చూసుకుని బయలుదేరండి. ఊటీలోకి వచ్చే బయటి వాహనాలకు 2024 నుంచి ఈ-పాస్ కూడా కావాలి, ఇంటర్నెట్‌లో తీసుకోవచ్చు. సంక్రాంతి తిరుగు రద్దీలో శబరికి బెర్తులు దొరకడం కష్టం. తేదీలు ఖాయమైతే ముందు ఆ నాలుగు టికెట్లు తీసుకోండి, కాలువ గట్టు సాధన రేపటి నుంచి మొదలుపెట్టవచ్చు.